భాస్వరం గిడ్డంగి చంద్రకాంతమ్మ

మిట్టపల్లె చంద్రకాంతమ్మను నేను మొదటిసారి చూసింది 2012 జూలైలో, తిరుపతిలో నేను తెలుగు బోధిస్తున్న ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల గదిలో. మధ్యాహ్న విరామ సమయం. నా ముందు తొమ్మిదో తరగతి జవాబు పత్రాల కట్ట ఉంది. ముదురాకుపచ్చ నేతచీర కట్టుకుని, భుజాన గుడ్డసంచి, మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు వేలాడుతూ ఉన్న నలభై ఆరేళ్ళ మనిషి గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"తెలుగు టీచరమ్మ మీరేనా?"

"నేనే. మీ పిల్లలు ఏ తరగతి?"

"పిల్లోల కోసం రాలేదు టీచరమ్మా. డ్రమ్ముల కోసం వచ్చినాను."

సంచిలోంచి ఒక అచ్చుకాగితం తీసి నా ముందు పెట్టింది. ఆమె రేణిగుంట దగ్గర ఒక రసాయనాల కర్మాగారంలో గిడ్డంగి గుమస్తా. ఆ కాగితం, వాళ్ళు తయారుచేసే ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్ అనే ద్రవం గురించిన హెచ్చరికల పత్రం. చెన్నైలో ఎవరిచేతనో ఇంగ్లీషు నుంచి తెలుగు చేయించారట. మొదటి వాక్యం "జలసంస్పర్శ సర్వథా పరిహరణీయము" అని ఉంది. ఆసాంతం చదివాను. ఒక్క అక్షరదోషం లేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"తప్పులుండాయని రాలేదమ్మా. మావోళ్ళు దీన్ని సూసి దండం పెట్టి పోతా ఉండారు. మంత్రమనుకుంటా ఉండారు."

నేను కలం తీసి ఆ వాక్యాన్ని తిరగరాసి చూపించాను. ఆమె శ్రద్ధగా చదివింది.

"ఇదీ అంతే టీచరమ్మా. రొంత చిన్న మంత్రం."

పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నాకు అంత మర్యాదగా ఎవరూ సున్న వేయలేదు. సరే, మీవాళ్ళకు తెలియవలసిందేమిటో మీరే చెప్పండి, రాస్తానన్నాను. ఆమె వేళ్ళు మడుస్తూ మూడు ముక్కలు చెప్పింది. డ్రమ్ముకు నీళ్ళు తగలనీయకూడదు. తెల్లపొగ వస్తే గాలి ఏ వైపు నుంచి వస్తున్నదో ఆ వైపుకే పరుగెత్తాలి. లోపల ఎవరైనా పడిపోతే ముసుగు లేకుండా ఎత్తుకురావడానికి పోకూడదు. ఆ మూడూ మూడు వాక్యాలుగా రాసిచ్చాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "ఇది సదివి ఎవురూ దండం పెట్టరులెండి" అని నవ్వింది. అలా మొదలైన పరిచయం పన్నెండు పదమూడేళ్ళుగా సాగుతున్నది.

చంద్రకాంతమ్మ పూతలపట్టుకు నాలుగు మైళ్ళ దూరంలో మామిడితోట ఉన్న సేద్యగాళ్ళ ఇంట పుట్టింది. తండ్రి దొరస్వామి. ఆమె చిత్తూరులో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, మామిడిపూతకు తేనెమంచు పురుగు పట్టిందని ఆయన మందు కొట్టడానికి దిగాడు. ముఖానికి గుడ్డ లేదు. గాలికి ఎదురు నిలబడి కొట్టాడు. గంట గడవకముందే నోట చొంగ, ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. చెరకు ట్రాక్టరులో పడుకోబెట్టి చిత్తూరు ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు సూది మీద సూది వేస్తూ, కనుపాప పెద్దదవుతున్నదేమో చూస్తూ ఉండమని కూతురికి చెప్పాడట. ఆవగింజంత అయిపోయిన తండ్రి కనుపాపను రెప్ప ఎత్తి పట్టుకుని ఆమె సాయంకాలం దాకా చూసింది.

"నాయన కన్ను మిరపగింజంత అయినాక డాక్టరు కూర్చున్నాడు టీచరమ్మా. అప్పుడడిగినాను, సార్, ఆ డబ్బాలో ఏముండాదని. భాస్వరం అన్నాడు. అదేంది సార్, సేనికి ఏసే సూపర్ ఎరువులో కూడా భాస్వరమే కదా, దాన్ని చేత్తో చల్లుతామే అన్నాను. దేంతో కలిసింది, ఎట్లా కలిసింది, అంతా దాంట్లోనే ఉండాదమ్మా అన్నాడు. ఈ మందుకు పెద్దన్నలు ఉండారు, యుద్ధాల్లో మనుషుల మీద వదిలినారు అని కూడా చెప్పినాడు. నాకు ఆ మాట పట్టుకున్నాది."

దొరస్వామి బతికాడు. మరి ఇరవై రెండేళ్ళు మామిడికాయలు మండీకి తోలాడు. కూతురి చదువు మాత్రం ఇంటర్‌తో ఆగింది. పెళ్ళయి రేణిగుంట వచ్చింది. భర్త రైల్వేలో సరుకుల విభాగంలో పనిచేసేవాడు. ఆమె ముప్పై ఐదో ఏట ఆ కర్మాగారంలో చేరింది. ఎందుకు చేరావని నేనెన్నడూ అడగలేదు. ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాదని చూసినవారికెవరికైనా తెలుస్తుంది.

ఆ కర్మాగారంలో రెండు షెడ్లు ఉన్నాయి. మొదటి దానిలో పసుపుపచ్చ భాస్వరం ఉంటుంది. మైనంలా మెత్తగా ఉండే ఆ పదార్థం గాలి తగిలితే చాలు, దానంతట అదే అంటుకుంటుంది. కాబట్టి దానిని ఎప్పుడూ నీళ్ళలో ముంచి ఉంచాలి. ఆ భాస్వరాన్ని క్లోరిన్ వాయువుతో కలిపితే మంచినీళ్ళలా తేటగా ఉండే ద్రవం తయారవుతుంది. అదే ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్. దానిని డ్రమ్ములకెత్తి రెండో షెడ్డులో పెడతారు. ఆ ద్రవానికి నీళ్ళు తగిలితే బుసకొట్టి, ఊపిరితిత్తులను కాల్చే ఆమ్లపు పొగ కక్కుతుంది. మొదటి షెడ్డులో నీళ్ళు తగ్గితే ప్రమాదం. రెండో షెడ్డులో నీళ్ళు తగిలితే ప్రమాదం. రెండింటికీ మధ్య నూట ఇరవై అడుగుల దూరం.

"ఒగే కడుపున పుట్టినోళ్ళు" అనేది చంద్రకాంతమ్మ. "ఒగడికి నీళ్ళు లేకపోతే కోపం, ఇంగొగడికి నీళ్ళను సూస్తే కోపం. ఇద్దరితోనూ సంసారం చేయాల."

ఆ ద్రవం స్వతహాగా చెడ్డది కాదు. దాని నుంచి పంటల మందులవుతాయి, జబ్బులకు వేసుకునే మందులవుతాయి, బట్టలు త్వరగా అంటుకోకుండా పూసే పూతలవుతాయి. చెడ్డ చేతుల్లో పడితే మనుషుల నరాలను బిగదీసి చంపే విషవాయువుల తయారీకి కూడా పనికివస్తుంది. అందుకే, రసాయన ఆయుధాలను నిషేధిస్తూ 1997లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో ఇలాంటి పదార్థాలకు మూడు పట్టికలు ఉన్నాయి. చంద్రకాంతమ్మ డ్రమ్ములలో ఉన్నది మూడో పట్టికలోది. దానిని ఏడాదికి ముప్పై టన్నులకు మించి తయారుచేసే కర్మాగారం ప్రభుత్వానికి లెక్క చెప్పాలి; రెండు వందల టన్నులు దాటితే, హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ సంస్థ నుంచి పరిశీలకులు వచ్చి చూడవచ్చు. ఇదంతా నాకు పుస్తకాలు చెప్పలేదు. మా ఇంటి వరండాలో కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆమె చెప్పింది.

2014లో ఆమె గిడ్డంగి బాధ్యురాలైంది. రెండో షెడ్డు తాళంచెవులు ఆనాటి నుంచి ఆమె నడుముకు ఉండేవి. సరుకు ఎవరికి పోతున్నదో, వాళ్ళు దానితో ఏమి చేస్తారో తెలియకుండా ఒక్క డ్రమ్ము కదలనిచ్చేది కాదు. ఒకసారి ఒక వ్యాపారి తరఫున లారీ వచ్చింది. పన్నెండు డ్రమ్ములు తడ దగ్గర గోడౌన్‌కు చేర్చాలని కాగితం. కాగితంలో వాడేవారుగా చూపిన పురుగుమందుల ఫ్యాక్టరీ నంబరుకు ఫోన్ చేస్తే రెడీమేడ్ బట్టల అంగడివాడు ఎత్తాడు. లారీతో వచ్చిన మనిషితో ఆమె జరిపిన సంభాషణను ఫ్యాక్టరీలో ఈనాటికీ చెప్పుకుంటారు.

"ఏందమ్మా, మీ కంపెనీతో నాలుగేండ్ల పరిచయం. డ్రమ్ములెత్తించు."

"ఎత్తిస్తానప్పా. ఏ ఫ్యాక్టరీకి పోతాదో చెప్పు."

"తడ గోడౌన్‌కు."

"గోడౌన్ దీన్ని తినదు కదప్పా. వాడేదెవురు?"

"అది మా ఓనరుకు తెలుసు."

"అయితే మీ ఓనరునే రమ్మను. ఈడ టీ బాగుంటాది. తాగి, చెప్పి పోతాడు."

లారీ మధ్యాహ్నం దాకా నిలబడి ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ వ్యాపారి దుర్మార్గుడా అని నేనడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. "మంచోడే అయ్యుండొచ్చు టీచరమ్మా. యాడికి పోతాదో చెప్పలేని సరుకు నా చేతి మీదుగా పోగూడదు. అంతే."

ఇంతటి మనిషి చేసిన పొరపాటు గురించి ఇప్పుడు చెప్పాలి. దానిని దాచి ఆమె గురించి రాయడం ఆమెకే నచ్చదు.

మా ప్రాంతంలో మహానవమి నాడు ఆయుధపూజకు ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు, ఆటోస్టాండ్లు అన్నీ కడిగి ముస్తాబవుతాయి. ఎవరి చేతిపని ఏదో ఆ పనిముట్టుకు గంధం, కుంకుమ పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచుతారు. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు విజయదశమి ఉదయం హారతి అయ్యేదాకా ముట్టరు. దర్జీ కత్తెర ముట్టడు. నేను కలం ముట్టను. గిడ్డంగి మనిషికి పనిముట్టు తాళంచెవి. ఏటా చంద్రకాంతమ్మ రెండో షెడ్డు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, ఆ గుత్తిని ఇత్తడి పళ్ళెంలో పెట్టేది. ఆ పూజకు ఉద్యోగుల ఇళ్ళవాళ్ళనూ, చుట్టాలనూ పిలవడం అక్కడి ఆనవాయితీ. నన్నూ పిలిచేది.

2022 మహానవమి నాడు బ్రహ్మోత్సవాల రద్దీ దాటుకుని నేను రేణిగుంట చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మంగళవారం, మూడింటికి రాహుకాలం. పూజారి తొందరపెడుతున్నాడు. రెండో షెడ్డు వసారా ఊడ్చి, గడప ముందు ముగ్గు వేయడం ఇంకా మిగిలి ఉంది. ఆ పని కాంట్రాక్టు మీద పనిచేసే సిద్ధమ్మది. ముప్పై నాలుగేళ్ళ సిద్ధమ్మ అప్పటికి ఆరేళ్ళుగా మొదటి షెడ్డులో ఉండేది. రెండో షెడ్డు వైపు మార్చి పదిహేను రోజులే అయింది. అక్కడి పద్ధతులు నేర్పే తరగతి పండుగ తరువాత పెట్టుకుందామని అనుకున్నారు.

తాళం వేస్తే, గడప ఊడ్చేటప్పుడు తలుపు తీయవలసి వస్తుంది. తీయాలంటే పూజలోని తాళంచెవిని ముట్టాలి. చంద్రకాంతమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తాళం వేయలేదు. గొళ్ళెం మాత్రం పెట్టి, గుత్తిని తెచ్చి పళ్ళెంలో ఉంచింది. అంత జాగ్రత్తగల మనిషి, ఎనిమిదేళ్ళలో తాళం వేయకుండా ఎన్నడూ విడవని తాళంచెవిని, దేవుడి ముందు పెట్టాను కదా అన్న నిబ్బరంతో విడిచింది.

హారతి అయింది. మేము ఆఫీసు వసారాలో దొన్నెలలో గుగ్గిళ్ళు, చక్కెరపొంగలి తింటున్నాం. కాలే పెనం మీద నీళ్ళు చల్లినట్లు ఒక చప్పుడు వినబడింది. రెండో షెడ్డు తలుపులోంచి తెల్లటి పొగ నేలకు ఆనుకుని పాకుతూ వచ్చింది. దాని ముందు సిద్ధమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ పరుగెత్తి వస్తున్నది. ఆమె వెనుక, మొదటి షెడ్డు నుంచి లాక్కొచ్చిన నీళ్ళపైపు నేల మీద పడి పారుతున్నది.

చంద్రకాంతమ్మ ముందుగా పొగను చూడలేదు. తోరణానికి కట్టిన మామిడాకులు ఎటు ఊగుతున్నాయో చూసింది.

"రైలుకట్ట పక్కకు! అందరూ రైలుకట్ట పక్కకు పొండి! ఏబెల్, ఆ నీళ్ళు కట్టెయ్యి!"

నా మణికట్టు పట్టుకుని పదడుగులు లాక్కెళ్ళి వదిలింది. ఏబెల్ అక్కడి అత్యవసర దళంలోని మనిషి. ఇద్దరూ గాలిసిలిండర్లు వీపున కట్టుకుని, ముసుగులు తొడుక్కుని లోపలికి వెళ్ళారు. ఆ ఉదయం నమూనా తీసిన ఒక డ్రమ్ము బిరడా సరిగా బిగియలేదు. దుమ్ము పట్టి ఉన్నదని సిద్ధమ్మ పైన నీళ్ళు కొడితే, డ్రమ్ము మూత మీద నిలిచిన నీరు ఆ సందులోంచి దిగింది. వాళ్ళు పొడి ఇసుక కట్ట కట్టి, కారినదాని మీద సున్నం చల్లి, పొగ అణిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. సిద్ధమ్మను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులకు ఇంటికి వచ్చింది. మరెవరికీ ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో సిద్ధమ్మ గొంతు పూర్తిగా రాకుండానే అన్న మాట ఇది: "ఆ షెడ్డులో నీళ్ళు తగ్గితే తిడతా ఉండ్రి కదక్కా. ఈడ అన్నీ ఎండిపోయి ఉండాయే, పండగపూట అని కడిగినాను."

"నీ తప్పు కాదు మేయ్. గమ్మున పడుకో" అంది చంద్రకాంతమ్మ.

మూడో రోజు మేనేజరు ధర్మేంద్ర ఆమెను పిలిపించాడు. అతడు చెడ్డవాడు కాడు. ఫ్యాక్టరీ మూతబడుతుందేమోనని భయపడినవాడు. ఆ మాటలు ఆమె నాకు మరునాడు పొల్లుపోకుండా చెప్పింది.

"మూడు వందల కిలోల డ్రమ్ములో ఎంత మిగిలింది చంద్రకాంతమ్మా?"

"నూట పదహారు సార్. నూట ఎనభై నాలుగు పోయినాది."

"మనం ఏడాదికి చేసేది వందల టన్నులు. ఈ నూట ఎనభై నాలుగు తరుగులో కలిపేద్దాం. ఎవరడుగుతారు?"

"ఎవురూ అడగరు సార్."

"మరి?"

"ఎవురూ అడగరని దీన్ని వదిలేస్తే, ఆ పుస్తకంలో మిగిలినదాన్ని ఎవురు నమ్మాల?"

అతడు విచారణ నివేదిక చిత్తుప్రతిని ఆమె ముందుకు జరిపాడు. కాంట్రాక్టు కార్మికురాలు సిద్ధమ్మ అనుమతి లేకుండా నిషిద్ధ షెడ్డులో ప్రవేశించడమే ప్రమాదానికి కారణమని అందులో ఉంది. కింద చంద్రకాంతమ్మ సంతకానికి చోటు ఉంది.

"ఆమెకు ఇంకెక్కడైనా పని దొరుకుతుందమ్మా. మీకు మిగిలిన సర్వీసు రెండేళ్ళు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు మీ మీద."

"గొళ్ళెం తీసింది సిద్ధమ్మే సార్. తాళం వేయనిది నేను. నేర్పకుండా ఆడికి పంపిందీ నేను."

"తాళంచెవి పూజలో ఉందని రిపోర్టులో రాస్తే నవ్వుతారు!"

"నవ్వనీండి. నవ్వినోళ్ళు మర్చిపోరు."

ఆమె సంతకం చేయలేదు. గిడ్డంగి పుస్తకంలో నూట ఎనభై నాలుగు కిలోలు ఎలా పోయాయో ఎర్రసిరాతో రాసి, తాళం వేయకపోవడం తన పొరపాటని రాసి, కింద పేరు పెట్టింది. ధర్మేంద్ర చిత్తుప్రతి అతడి బల్ల మీదనే ఉండిపోయింది. పంపుతాడో చించుతాడో ఎవరికీ తెలియదు. పంపితే సిద్ధమ్మ ఆ వారమే ఇంటికి పోతుంది. ఆ ఫ్యాక్టరీ నుంచి అలాంటి నివేదికతో వెళ్ళిన మనిషిని రేణిగుంటలో మరో ఫ్యాక్టరీ చేర్చుకోదు.

నాలుగో రోజు ఢిల్లీ నుంచి సమాచారం వచ్చింది. అంతర్జాతీయ పరిశీలకులు ఐదు రోజుల్లో వస్తున్నారు. ఈ ప్రమాదం సంగతి వాళ్ళకు తెలిసి కాదు. ఏటా ప్రపంచంలో కొన్ని ఫ్యాక్టరీలను ఎంచి చూస్తారు, ఆ ఏడు ఈ ఫ్యాక్టరీ వంతు వచ్చింది. ధర్మేంద్ర గిడ్డంగికి స్వయంగా వచ్చి, ఎర్రసిరా పేజీ ఉన్న పుస్తకాన్ని పక్కన పెట్టి కొత్త పుస్తకం తెరవమని అడిగాడు. ఆజ్ఞాపించలేదు, అడిగాడు. ఆమె తెరవనని చెప్పింది.

ఆ ఆదివారం చంద్రకాంతమ్మ మా ఇంటికి వచ్చింది. పరిశీలకులకు ఇవ్వదలచిన వాంగ్మూలం తెలుగులో రాసి తెచ్చింది. అర పేజీ. మార్చవలసినవి ఏమైనా ఉన్నాయా చూడమంది. ఒకటికి రెండుసార్లు చదివాను. ఒక్క మాట ఎక్కువ లేదు. తన తప్పును చెప్పుకునే చోట మనుషులు సాధారణంగా వాడే "అనుకోకుండా", "పొరపాటున", "పరిస్థితుల వల్ల" వంటి మాటలు ఎక్కడా లేవు. అలాగే ఉంచమన్నాను.

"నన్ను తీసేస్తే తీసేయనీ టీచరమ్మా. మామిడితోట ఉండాది, పోయి కూర్చుంటాను. సిద్ధమ్మకు ఏముండాది?"

వచ్చినవాళ్ళు నలుగురు. వాళ్ళ వెంట ఢిల్లీ అధికారులు ఇద్దరు. తెలుగును ఇంగ్లీషులోకి మార్చడానికి ప్రయోగశాలలో పనిచేసే జాహ్నవి అనే పిల్లను నిలబెట్టారు. పరిశీలకులలో పెద్దావిడ ఒకరు, తెల్లజుట్టు, కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకున్నావిడ, గిడ్డంగి పుస్తకం తిరగేస్తూ ఎర్రసిరా దగ్గర ఆగింది. ఇదేమిటని అడిగింది.

చంద్రకాంతమ్మ చెప్పింది. జాహ్నవి భయంతో, తాళంచెవి ఆ సమయంలో ఆఫీసులో భద్రంగా ఉండిందని మార్చి చెప్పింది. చంద్రకాంతమ్మకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

"నో సేఫ్" అంది. "పూజ."

"ఆంటీ, మీరు గమ్మునుండండి, నేను చూసుకుంటా" అని జాహ్నవి గొణిగింది.

"నువ్వు సూసుకోవద్దు పాపా. నేను చెప్పింది చెప్పు, చాలు."

పూజ అంటే ఏమిటని పెద్దావిడ అడిగింది. జాహ్నవి వివరించింది. ఢిల్లీ అధికారి ఒకరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. పెద్దావిడ నవ్వలేదు. పోయినది ఎంత, మిగిలినది ఎక్కడ అని అడిగింది. చంద్రకాంతమ్మ కారిన డ్రమ్మునూ, కారినదాన్ని సున్నంతో కలిపి పూడ్చిన గుంటనూ, తూకపు చీటీలనూ చూపించింది. షెడ్డుకు తాళం లేని ఆ గంటలో సిద్ధమ్మ కాక ఇంకెవరైనా లోపలికి వెళ్ళారా అన్నది తరువాతి ప్రశ్న.

"తెలీదు" అంది చంద్రకాంతమ్మ. "నేను సూడలేదు. మర్నాడు డ్రమ్ములన్నీ తూచినాను, తూకం సరిపోయినాది. మనుషుల సంగతి మాత్రం నాకు తెలీదు."

జాహ్నవి ధర్మేంద్ర ముఖం వైపు చూసి, తరువాత ఆ మాటను ఉన్నదున్నట్లు చెప్పింది.

పెద్దావిడ తానే వేలు చూపి పది డ్రమ్ములు ఎంచింది. ఏబెల్ ఒక్కొక్కటే తూకానికి ఎక్కించాడు. పదింటి బరువూ చీటీలతో సరిపోయింది. ఆవిడ తన కాగితాల మీద ఏదో రాసుకుని, నీళ్ళపైపు పట్టుకున్న మనిషితో మాట్లాడవచ్చునా అని అడిగింది. సిద్ధమ్మను పిలిచారు. ఆమె తలుపు దాకా వచ్చి, ఆ కళ్ళజోడును చూసి, తలుపు వెనక్కు పోయి నిలబడింది. ఎంత పిలిచినా నోరు విప్పలేదు. ఆవిడ బలవంతపెట్టలేదు. ఇకముందు ఏం చేస్తారని చంద్రకాంతమ్మను అడిగింది.

"నేర్పినాకనే షెడ్డు పక్కకు పంపుతాము. పూజకు పాత తాళం, పాత తాళంచెవి పెడతాము. పనిచేసే తాళం తలుపుకే ఉంటాది. దేవుడికి రెండూ ఒగటే" అంది.

ఆ పరిశీలన నివేదికలో ఫ్యాక్టరీ మీద ఏ అభ్యంతరమూ రాలేదు. అది తెలిసిన రోజున ధర్మేంద్ర, సిద్ధమ్మ పేరు ఉన్న చిత్తుప్రతిని చంద్రకాంతమ్మ ఎదుటనే చించాడు. షెడ్డుకు తాళం వేయనందుకు చంద్రకాంతమ్మకు మెమో ఇచ్చాడు. ఇవ్వకపోతే నేనే అడిగి తీసుకునేదాన్ని అని ఆమె నాతో అంది. ఆ మెమోను ఎర్రసిరా పేజీకి ఎదురుగా, గుండుసూదితో కాక, జిగురుతో అంటించింది, ఊడిపోకుండా. ఆ మరుసటి ఏడు నవమికి తుప్పుపట్టిన పాత తాళానికి గంధం, కుంకుమ పెట్టారు. పూజారి దానికే హారతి ఇచ్చాడు.

మిగిలిన సర్వీసులో ఆమె సిద్ధమ్మను తన వెంట తిప్పుకుంది. ఏ డ్రమ్ము ఎవరికి పోతుంది, ఎవరు దేనికి వాడతారు, ఏ కాగితం లేకపోతే లారీని నిలబెట్టాలి, అన్నీ నేర్పింది. 2024లో చంద్రకాంతమ్మ పదవీ విరమణ చేసింది. సిద్ధమ్మ పదో తరగతి పాసయిన మనిషే కనుక గిడ్డంగి సహాయకురాలిగా పర్మనెంట్ అయింది. ఈ ఏడు జనవరిలో బాధ్యత మొత్తం ఆమె చేతికి ఇస్తామని, పైనుంచి పరిశీలకులు ఎవరైనా వస్తే జవాబు ఆమే చెప్పుకోవాలని ధర్మేంద్ర కబురు చేశాడు. సిద్ధమ్మకు పని అంతా వచ్చు. కాగితాలు పట్టుకున్న కొత్తమనిషి ఎదుట నిలబడితే మాత్రం నోరు పెగలదు. నాకొద్దక్కా, పెద్ద పని నాకొద్దు అని ఏడ్చిందట.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఉదయం చంద్రకాంతమ్మ పూతలపట్టు నుంచి బస్సులో వచ్చింది. వెంట సిద్ధమ్మ ఉంది. కాఫీ తాగడం అయ్యాక, చంద్రకాంతమ్మ లేచి మా వరండాలోని కుర్చీని గోడ దగ్గరికి జరిపి నన్ను అందులో కూర్చోమంది. సిద్ధమ్మను నాకు ఎదురుగా నిలబెట్టింది. ప్రశ్నలు రాసిన రెండు కాగితాలు నా చేతికిచ్చి, తను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగింది.

"మీరు హేగ్ నుంచి వచ్చినారనుకోండి టీచరమ్మా. నేనడిగితే నా మొగం సూసి జవాబు చెప్తాది. మీరైతే దానికి భయం. మీ కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా అడగండి. జాలిపడి మాట అందీయొద్దు. తెలిసింది చెప్పేదాకా, తెలీంది తెలీదనేదాకా దాన్ని కూర్చోనీయొద్దు."